పడకపోతే మార్చుకుందాం, మానొద్దు

అమలాపురంలో మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నేను తరచూ వినే మాట ఒకటుంది: “ఆ బీపీ బిళ్ళ నాకు పడలేదండి, మానేశాను.” ఈ మాట అనేవాళ్ళలో మాస్టార్లు ఉంటారు, కొబ్బరి దింపు తీసేవాళ్ళుంటారు, ఉద్యోగం చేసి రిటైరైన పెద్దలుంటారు. ఏం పడలేదని అడిగితే ఒకరికి కాళ్ళు వాచాయి, ఒకరికి దగ్గు పట్టుకుంది, ఒకరికి మంచం మీంచి లేవగానే కళ్ళు తిరిగాయి. వాళ్ళు చెప్పే బాధలు చాలామటుకు నిజమైనవే. చిక్కంతా ఆ తర్వాత వచ్చే “మానేశాను” అన్న మాటతోనే.

నేను ఫార్మసిస్టుని. మందు రాసేది డాక్టరు గారు. ఆ మందుతో మనిషి నెలనెలా ఎలా ఉంటున్నాడో చాలాసార్లు ముందుగా తెలిసేది మాకు. డాక్టరు గారి దగ్గర కూర్చున్న ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయింది, చెబితే ఏమనుకుంటారోనని దాచుకున్నది, మా కౌంటర్ దగ్గర షీటు చేతిలో పెట్టుకుని చెబుతారు. అలా విన్నవాటికి నేను చదువుకున్నది జోడించి ఈ వ్యాసం రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే. బీపీ మందులు ఒకటి కాదు, అనేక రకాలు. ఒక రకం తెచ్చిపెట్టిన బాధ ఇంకో రకంతో రాకపోవచ్చు. కాబట్టి బిళ్ళ పడకపోతే దాన్ని మార్పించుకోవాలి, మోతాదు సరిచేయించుకోవాలి. చెప్పకుండా మానేయకూడదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో దాదాపు 31.5 కోట్ల మందికి బీపీ ఉందని అంచనా వేసింది. బీపీతో వచ్చిన తంటా ఏమిటంటే జబ్బు నొప్పి పెట్టదు, మందు మాత్రం అప్పుడప్పుడు ఇబ్బంది పెడుతుంది. 170 బీపీతో హాయిగా తిరుగుతున్న మనిషికి, 130కి దింపిన బిళ్ళ వల్ల కాళ్ళు వాస్తే తప్పంతా బిళ్ళదే అనిపిస్తుంది. బిళ్ళ మానగానే వాపు తగ్గుతుంది, ప్రాణం తేలికపడుతుంది. లోపల రక్తనాళాల మీదా గుండె మీదా కిడ్నీల మీదా పడుతున్న ఒత్తిడి మాత్రం బయటికి కనబడదు. పక్షవాతం వచ్చాకే అది తెలుస్తుంది.

సాయంత్రానికి చెప్పు పట్టని కాలు

మన దగ్గర ఎక్కువగా రాసే బీపీ మందుల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. ధర తక్కువ, పనితనం ఎక్కువ. ఒంట్లో చాలాసేపు నిలిచి ఉంటుంది. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే బీపీ బిళ్ళల్లోనూ ఇది ఉంటుంది. పేరు చివర ‘డిపిన్’ అని ఉన్నవన్నీ దీని చుట్టాలే: నిఫెడిపిన్, సిల్నిడిపిన్, ఫెలోడిపిన్.

మా వీధిలో అందరం మామ్మగారు అని పిలిచే పెద్దావిడ ఒకరోజు షాపుకొచ్చి చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి చూపించారు. చీలమండల చుట్టూ వాపు. చెప్పు పట్టీ నొక్కుకున్న చోట లోతుగా గాడి పడింది. ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది. “సాయంత్రానికి చెప్పుల్లో కాలు పట్టట్లేదమ్మా. బోదకాలేమోనని భయంగా ఉంది,” అన్నారు. గోదావరి జిల్లాల్లో బోదకాలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ భయం సహజం.

“మామ్మగారూ, బీపీ బిళ్ళ ఈమధ్య ఏమన్నా మార్చారా?”

“సంక్రాంతి తర్వాత అయిదుది తీసేసి పదిది రాశారు గదా.”

అక్కడే ఉంది కిటుకు. ఆమ్లోడిపిన్ వాపు మోతాదుని బట్టి పెరుగుతుంది. మందు తయారు చేసిన కంపెనీ ప్రయోగాల్లో 2.5 మిల్లీగ్రాములు వాడినవాళ్ళలో 1.8 శాతం మందికి, 5 వాడినవాళ్ళలో 3 శాతం మందికి, 10 వాడినవాళ్ళలో 10.8 శాతం మందికి వాపు వచ్చింది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ.

ఈ వాపు ఎలా వస్తుందో తెలిస్తే దానికి మందేమిటో కూడా తెలుస్తుంది. ఆమ్లోడిపిన్ సన్నటి ధమనులను వదులు చేస్తుంది, బీపీ తగ్గేది అందుకే. కానీ రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే సిరలను అంతగా వదులు చేయదు. పై కాలువ గేటు ఎత్తేసి కింద మురుగు కాలువ మాత్రం వెడల్పు చేయకపోతే చేలో నీరు నిలిచినట్టు, పాదాల దగ్గర సన్నని నాళాల్లోంచి నీరు కండలోకి ఊరుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ పేరుకోవడం వల్ల వచ్చిన వాపు కాదిది. అందుకే నీరు తీసే బిళ్ళ వేసుకున్నా అంతగా లొంగదు.

మామ్మగారు మాత్రం అప్పటికే ఎవరో చెప్పారని నీరు తీసే బిళ్ళ ఒక షీటు వాడేశారు. వాపు అలాగే ఉంది, పైగా రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. ఒక మందు తెచ్చిన బాధని కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు, ఆ మందు తెచ్చిన బాధకి మరో మందు. పెద్దవాళ్ళ బిళ్ళల డబ్బా బరువెక్కేది చాలాసార్లు ఇలాగే. నేను వాళ్ళ డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన పదిని మళ్ళీ అయిదు చేసి, దానికి టెల్మిసార్టన్ జోడించారు. టెల్మిసార్టన్ లాంటివి సిరలను కూడా వదులు చేస్తాయి కాబట్టి వాపు తగ్గుతుంది, బీపీ కూడా అదుపులో ఉంటుంది. కొన్ని వారాల్లో మామ్మగారి కాలు చెప్పులో పట్టింది. మరికొందరికి డాక్టర్లు సిల్నిడిపిన్‌కి మారుస్తారు, దాంతో వాపు తక్కువ.

కాళ్ళవాపులన్నీ బిళ్ళ వల్లే అనుకోకూడదు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, వాపుతోపాటు ఆయాసం ఉన్నా, ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా గుండె, కిడ్నీ, రక్తం గడ్డ వంటి కారణాలు వెతకాలి. ఆమ్లోడిపిన్ వల్ల మొదట్లో తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండె దడ ఉండొచ్చు. చాలామందికి ఇవి కొన్ని రోజుల్లో తగ్గిపోతాయి. ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది, చిగుళ్ళు లావెక్కడం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీరు వాడే బీపీ బిళ్ళ పేరు కూడా చెప్పండి.

టానిక్కులకి లొంగని దగ్గు

పేరు చివర ‘ప్రిల్’ ఉన్నవి రెండో కుటుంబం: ఎనాలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్. వీటి పుట్టుక వెనక పాము విషం ఉంది. బ్రెజిల్‌లోని బొత్రాప్స్ జరారాకా అనే పాము కరిస్తే బీపీ పడిపోతుంది. అక్కడి శాస్త్రవేత్త సెర్గియో ఫెరీరా ఆ విషం మీద చేసిన పరిశోధన లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకి చేరింది. తర్వాత అమెరికాలో కుష్మన్, ఒండెట్టి దాని ఆధారంగా కాప్టోప్రిల్‌ని తయారుచేశారు. 1981లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. గుండె బలహీనపడినవాళ్ళకి, షుగరుతో కిడ్నీ దెబ్బతింటున్నవాళ్ళకి ఈ కుటుంబం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

దీని ఇబ్బంది పొడి దగ్గు. ఈ మందు ఆపే ఎంజైమే ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా కరిగిస్తుంది. ఎంజైము ఆగడంతో ఆ పదార్థం పేరుకుని గొంతులో గరగర పెడుతుంది. కఫం ఉండదు, జ్వరం ఉండదు, పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. బిళ్ళ మొదలుపెట్టిన వారంలో రావొచ్చు, కొన్ని నెలల తర్వాతా రావొచ్చు. అందుకే ఎవరూ బిళ్ళని అనుమానించరు. దగ్గు టానిక్కు సీసాల మీద సీసాలు కొనేవాళ్ళకి నేను ముందు అడిగేది బీపీ బిళ్ళ పేరే. మందు మార్పిస్తే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో దగ్గు తగ్గుతుంది, కొందరికి ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. ‘సార్టన్’ కుటుంబానికి మారిస్తే అదే మేలు దొరుకుతుంది, దగ్గు దాదాపు ఉండదు. అయితే అన్ని దగ్గులూ బిళ్ళవి కావు. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ‘ప్రిల్’ మందు వాడేవాళ్ళకి అరుదుగా పెదవులు, నాలుక, ముఖం ఉన్నట్టుండి వాస్తాయి. అది గొంతులోకి పాకితే ఊపిరి ఆడదు. అలా జరిగితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. అలాంటి మనిషి ఆ కుటుంబం మందు జన్మలో మళ్ళీ ముట్టకూడదు. ఆ సంగతి ప్రతి చీటీ మీదా రాయించుకోవాలి.

టెల్మిసార్టన్, కొబ్బరినీళ్ళు

పేరు చివర ‘సార్టన్’ ఉన్నవి మూడో కుటుంబం. మన దగ్గర టెల్మిసార్టన్, లోసార్టన్, ఒల్మెసార్టన్ ఎక్కువ. ఇబ్బందులు తక్కువని పేరున్న మందులివి. ఆ పేరు నిజమే. కానీ ఇవి, ‘ప్రిల్’ మందులు, స్పైరనోలాక్టోన్ అనే బిళ్ళ, మూడూ ఒంట్లో పొటాషియాన్ని నిలబెడతాయి. కిడ్నీలు బాగున్నవాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో మాత్రం పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పొచ్చు.

ఈ మాట కోనసీమలో మరీ గట్టిగా చెప్పాలి. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో ఒక అరటిపండులో ఉన్నదానికంటే ఎక్కువ పొటాషియం ఉంటుంది. వేసవిలో చుట్టాలొస్తే బొండం కొట్టివ్వడం మన మర్యాద, “ఒంటికి మంచిది, ఇంకోటి తాగండి” అనడం మన ప్రేమ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తాగొచ్చు. కిడ్నీ జబ్బు ఉండి ఈ మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా రోజూ తాగకూడదు. బజార్లో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పు సంగతీ అంతే. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. చాలామందికి అది మంచిదే, వీళ్ళకి మాత్రం అపాయం.

“టెల్మిసార్టన్ కిడ్నీలు పాడుచేస్తుందంట గదండీ?” అని అడుగుతారు. కిడ్నీలను పాడుచేసేది అదుపు లేని బీపీ, షుగరు. షుగరు ఉన్నవాళ్ళలో కిడ్నీ జబ్బు ముదరడాన్ని ‘సార్టన్’ మందులు నెమ్మదింపజేస్తాయని 2001లో వచ్చిన పెద్ద ప్రయోగాలు తేల్చాయి. మందు మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే కొలత) కాస్త పెరగడం మామూలే. 30 శాతం కంటే ఎక్కువ పెరిగితే డాక్టర్లు మోతాదు గురించి ఆలోచిస్తారు. అందుకే మందు మొదలుపెట్టిన లేదా పెంచిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. ఆ రక్తపరీక్ష రాసినప్పుడు “బాగానే ఉన్నాను గదా” అని వదిలేయకండి.

గర్భిణులు ‘ప్రిల్’, ‘సార్టన్’ మందులు రెండూ వాడకూడదు. కడుపులో బిడ్డ కిడ్నీలను ఇవి దెబ్బతీస్తాయి. బిడ్డ కావాలనుకుంటున్న కోడలికో కూతురికో బీపీ ఉంటే ముందే డాక్టరుకి చెప్పాలి. లాబెటలాల్, మిథైల్‌డోపా, నిఫెడిపిన్ లాంటివి అప్పుడు వాడతారు.

నీరు తీసే బిళ్ళ

హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్. ఈ కుటుంబం పాతది, చవకది, మంచిది. ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపుతుంది. వాటితోపాటు పొటాషియం కూడా పోవచ్చు, అప్పుడు నీరసం, పిక్కలు పట్టడం. యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు వాచొచ్చు. షుగరు కాస్త పెరగొచ్చు. హైడ్రోక్లోరోథయజైడ్ చర్మానికి ఎండని తట్టుకునే శక్తి తగ్గిస్తుంది. దానివల్ల చర్మ కేన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుందని, ముఖ్యంగా తెల్లటి చర్మం వాళ్ళలో, 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక చేర్చింది. ఎండలో పనిచేసేవాళ్ళు తలకి, చేతులకి గుడ్డ కప్పుకోవాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది పెద్దవాళ్ళలో సోడియం పడిపోవడం. ఎనభై దాటిన తాతగారు ఉన్నట్టుండి మాట తడబడతారు, మనుషుల్ని గుర్తుపట్టరు, అన్నం సహించదు. “పెద్దతనం గదా” అని ఇంట్లోవాళ్ళు సర్దుకుంటారు. ఒక్క రక్తపరీక్షతో తెలిసే విషయం అది. నీరు తీసే బిళ్ళ వాడే పెద్దవాళ్ళు మత్తుగా, అయోమయంగా మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోహిణీ కార్తె ఎండల్లో, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ బిళ్ళలూ, ‘ప్రిల్’, ‘సార్టన్’ మందులూ మామూలు మోతాదులో వేసుకుంటే బీపీ మరీ పడిపోయి కిడ్నీలకి దెబ్బ తగలొచ్చు. అలాంటి రోజుల్లో ఏ బిళ్ళ ఆపాలో, ఎన్నాళ్ళు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఒంట్లో బాగున్నప్పుడే డాక్టరుని అడిగి చీటీ వెనక రాయించుకోండి. బీపీ మందు తాత్కాలికంగా ఆపాల్సి వచ్చే సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. అది కూడా డాక్టరు మాట ప్రకారమే.

ఉన్నపళంగా ఆపకూడనివి

పేరు చివర ‘లాల్’ ఉన్నవి బీటా బ్లాకర్లు: అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్. ఈ మందులకి దారివేసిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండె వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి కొందరికి నీరసం, చేతులు కాళ్ళు చల్లబడటం, నాడి మరీ నెమ్మదించడం ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం రేపొచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఇంకో చిక్కు. షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందుతో తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. ఊరికే చెమటలు పడితే షుగరు చూసుకోండి.

వీటిని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. అన్నాళ్ళూ అణిగి ఉన్న గుండె ఒక్కసారిగా పరుగందుకుంటుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావొచ్చు. క్లోనిడిన్ అనే మందు ఆపితే బీపీ ముందుకంటే పైకి ఎగబాకుతుంది. ఊరెళ్తూ బిళ్ళలు మరిచిపోయారా? ఆ ఊళ్ళో ఏ మెడికల్ షాపులోనైనా పాత చీటీ ఫొటో చూపించి తీసుకోండి. ఫోన్‌లో ఆ ఫొటో ఎప్పుడూ ఉంచుకోండి.

మగవాళ్ళు దాచుకునేది

కౌంటర్ దగ్గర జనం పలచబడేదాకా ఆగి, గొంతు తగ్గించి మగవాళ్ళు అడిగేది ఒకటుంది. బీపీ బిళ్ళ మొదలుపెట్టాక దాంపత్యంలో ఇబ్బంది వచ్చిందని. చాలామంది అదీ అడగరు, బిళ్ళ మానేస్తారు. పాత బీటా బ్లాకర్లతో, నీరు తీసే బిళ్ళలతో కొందరికి ఇది రావొచ్చు. అదుపు లేని బీపీ, షుగరు, పొగతాగడం అంతకంటే ఎక్కువగా తెస్తాయి. భయం కూడా తెస్తుంది. 2003లో ఇటలీ పరిశోధకులు 96 మంది మగ గుండె రోగులకి అటెనొలాల్ ఇచ్చారు. ఏ మందో చెప్పని గుంపులో 3.1 శాతం మందికి ఈ ఇబ్బంది వచ్చింది. మందు పేరు చెప్పిన గుంపులో 15.6 శాతం. పేరుతోపాటు ఈ ఇబ్బంది రావొచ్చని కూడా చెప్పిన గుంపులో 31.2 శాతం. అలాగని బాధంతా భ్రమ అని కొట్టిపారేయకూడదు. ఆ బాధ తీరే దారి ఉంది కాబట్టి డాక్టరుకి చెప్పాలి. ‘సార్టన్’ మందులతో ఈ ఇబ్బంది తక్కువ. ఎవరికీ చెప్పకుండా బలం బిళ్ళలు కొనుక్కుని వేసుకోవడం మాత్రం వద్దు. ఛాతీనొప్పికి నైట్రేటు బిళ్ళలు వాడేవాళ్ళు సిల్డెనాఫిల్ లాంటి బలం బిళ్ళ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పక్కన చేరే బిళ్ళలు

“ఒళ్ళునొప్పులకి రెండు డోసులు కట్టివ్వండి” అని అడిగేవాళ్ళకి బీపీ ఉందేమో కనుక్కోకుండా నేను ఇవ్వను. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని చెడగొడతాయి. ‘ప్రిల్’ లేదా ‘సార్టన్’ మందు, నీరు తీసే బిళ్ళ, నొప్పి బిళ్ళ, ఈ మూడూ ఒకేసారి ఒంట్లో పడితే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినే ముప్పుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవచ్చేమో డాక్టరుని అడగండి. ముక్కుదిబ్బడకి ఇచ్చే జలుబు బిళ్ళల్లో ఉండే ఫినైలెఫ్రిన్, స్యూడోఎఫిడ్రిన్ కూడా బీపీని పెంచుతాయి.

“ఇంగ్లీషు మందు మానేసి మూలిక వాడుతున్నానండి, దానికి సైడ్ ఎఫెక్టులుండవు” అనేవాళ్ళకి సర్పగంధ కథ చెబుతాను. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసేదాకా ఈ మూలిక బీపీకి చేసే పని ప్రపంచానికి సరిగా తెలియదు. దాన్నించి 1952లో వేరుచేసిన రిసర్పిన్‌ని తర్వాత దేశదేశాల్లో వాడారు. ఎక్కువ మోతాదులో దిగులు, మగత తెచ్చిపెడుతుందని గమనించాక, మేలైన మందులొచ్చాక అది వెనకబడింది. మూలికలో మందు గుణం ఉందంటే పక్క గుణమూ ఉంటుంది. దగ్గుకి రోజూ నమిలే అతిమధురం కూడా ఎక్కువైతే బీపీని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది.

రెండు మందులు కలిపిన బిళ్ళల విషయంలో షీటు వెనక్కి తిప్పి చూడండి. బ్రాండు పేరు చివర ‘ఏఎం’ అని ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్, ‘హెచ్’ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. ఒక డాక్టరు రాసిన ఆమ్లోడిపిన్‌తోపాటు ఇంకో డాక్టరు రాసిన ‘ఏఎం’ బిళ్ళ కూడా మింగుతూ కళ్ళు తిరుగుతున్నాయని వచ్చేవాళ్ళు ఉంటారు. రెండింటిలో ఉన్నది ఒకే మందు.

వార్తల్లో భయం

2018 జూలైలో చైనాలోని ఒక ఫ్యాక్టరీలో తయారైన వల్సార్టన్‌లో కేన్సర్ కారకమని అనుమానించే ఎన్‌డీఎంఏ అనే మలినం కనబడింది. దేశదేశాల్లో ఆ బ్యాచులను వెనక్కి తెప్పించారు. తర్వాతి నెలల్లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కంపెనీల బ్యాచులు కొన్ని కూడా ఆ జాబితాలో చేరాయి. అది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. మందుల తయారీలో పరీక్షలు ఇంకా గట్టిపడాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ముప్పు ఎంతన్నది కూడా చూడాలి. ఆ మలినమున్న వల్సార్టన్‌ని అత్యధిక మోతాదైన 320 మిల్లీగ్రాముల చొప్పున 8,000 మంది నాలుగేళ్ళపాటు రోజూ వాడితే, వాళ్ళందరి జీవితకాలంలో అదనంగా ఒక్కరికి కేన్సర్ రావొచ్చని అమెరికా నియంత్రణ సంస్థ అంచనా వేసింది. బదులు మందు చేతికొచ్చేదాకా వాడటం ఆపొద్దని అదే సంస్థ చెప్పింది. ఎందుకంటే బీపీ మందు ఆపడం వల్ల వచ్చే ముప్పు అంతకంటే దగ్గరిది.

సగం మోతాదు బలం

2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన 354 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసింది. బీపీ మందుని సగం మోతాదులో ఇస్తే బీపీ తగ్గడంలో నష్టం ఐదో వంతే. ఇబ్బందులు మాత్రం బాగా తగ్గుతాయి. నీరు తీసే బిళ్ళతో పూర్తి మోతాదులో 9.9 శాతం మందికి లక్షణాలు కనబడితే సగం మోతాదులో 2 శాతం మందికే. ఆమ్లోడిపిన్ కుటుంబంలో 8.3 శాతం కాస్తా 1.6 శాతమైంది. ఒకే మందుని పెంచుకుంటూ పోయేకంటే రెండు మందుల్ని చిన్న మోతాదులో కలిపి ఇవ్వడం చాలామందికి మేలని ఇప్పుడు డాక్టర్లు అనేది అందుకే. “ఒక బిళ్ళకి రెండు రాశారు, నా జబ్బు ముదిరిందేమో” అని బెంగపడకండి.

ఏ వేళ వేసుకోవాలన్నదీ చాలామందిని వేధిస్తుంది. బ్రిటన్‌లో 21,104 మంది మీద జరిగి 2022లో ప్రచురితమైన టైమ్ అధ్యయనంలో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం ముప్పులో తేడా కనబడలేదు. మీకు మరిచిపోకుండా గుర్తుండే వేళే మంచి వేళ. నీరు తీసే బిళ్ళ మాత్రం పొద్దున వేసుకుంటే రాత్రంతా మూత్రానికి లేవాల్సిన బాధ తప్పుతుంది. ప్రాజోసిన్ లాంటి మందు మొదటి డోసు పడుకునే ముందు వేసుకోవాలి, లేదంటే నిలబడగానే తూలిపడే ప్రమాదముంది. ఏ బీపీ మందు వాడినా పెద్దవాళ్ళు మంచం మీద లేచి కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. కళ్ళు తిరుగుతుంటే కూర్చున్నప్పుడూ నిలబడ్డాకా రెండుసార్లు బీపీ చూడమని అడగండి.

చెప్పడం మీ హక్కు

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి మందు, పసరు, పొడి, నొప్పి బిళ్ళ ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఏ బాధ ఏ బిళ్ళ మొదలుపెట్టిన ఎన్నాళ్ళకి వచ్చిందో కాగితం మీద రాసుకోండి. మందు తెచ్చిన ఇబ్బందిని నమోదు చేయించే ఏర్పాటు కూడా మన దేశంలో ఉంది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. డాక్టర్లే కాదు, రోగి కూడా ఫోన్ చేసి చెప్పొచ్చు. అలా చెప్పినవన్నీ కలిస్తేనే ఏ మందు ఎవరికి కీడు చేస్తోందో తెలుస్తుంది.

బిళ్ళ పడలేదని చెబితే డాక్టరు గారిని తప్పుపట్టినట్టవుతుందని మనవాళ్ళు మొహమాటపడతారు. ఆ మాట చెప్పకపోతే ఆయన, బిళ్ళ వాడుతున్నా బీపీ తగ్గలేదనుకుని మోతాదు పెంచుతారు. మానేసిన మందు మోతాదు పెరిగి, ఒకరోజు భయపడి ఆ పెద్ద మోతాదే మొదలుపెట్టి కళ్ళు తిరిగి పడినవాళ్ళున్నారు. నా తోటి ఫార్మసిస్టులకీ ఒక మాట. షీటు చేతికిచ్చేటప్పుడు “ఈ బిళ్ళతో ఎలా ఉంటున్నారు?” అని అడగడానికి అరనిమిషం చాలు. కాళ్ళు వాచినా, దగ్గొచ్చినా, నీరసమొచ్చినా మార్చడానికి వేరే మందు ఉంది, తగ్గించడానికి మోతాదు ఉంది. మీకు పడే బిళ్ళ దొరికేదాకా అడుగుతూనే ఉండండి. అది దొరికేదాకా ఉన్నదాన్ని, డాక్టరు చెప్పకుండా, మానకండి.